ఆ తీగను ఫొటోలో ఉండనివ్వండి

ఎడారి అనగానే మీ కళ్ళ ముందు ఏ బొమ్మ మెదులుతుంది? ఎర్రటి ఇసుక దిబ్బ, దాని శిఖరం మీద వరుసగా నాలుగు ఒంటెలు, వెనక కుంకుమ బొట్టులా దిగిపోతున్న సూర్యుడు. ఏ తరగతిలో అడిగినా పిల్లలు దాదాపు ఇదే చెబుతారు. చెప్పిన వాళ్ళలో ఎడారిని కంటితో చూసినవాడు ఒక్కడూ ఉండడు. మరి ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? గోడ క్యాలెండర్ల నుంచి, సినిమా పాటల నుంచి, ఈమధ్య సెల్‌ఫోన్ల నుంచి. అంటే ఎవరో తీసిన ఫొటోల నుంచే కదా!

ఆ ఫొటోలు అందంగా లేవని నేననను. అందంగానే ఉంటాయి. అయితే ఫొటో తీసేవాడు చట్రంలోకి ఏం తీసుకున్నాడో చూసి మెచ్చుకుంటాం గాని, చట్రం బయట ఏం వదిలేశాడో అడగం. సైన్సు చదివే విద్యార్థి అడగాల్సింది ఆ రెండో ప్రశ్న. మన దేశంలోని థార్ ఎడారి విషయంలో ఆ ప్రశ్న మీద ఒక పక్షి జాతి ప్రాణమే ఆధారపడి ఉంది.

జైసల్మేరుకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ అనే ఊరి దగ్గర ఇసుక దిబ్బలున్నాయి. సఫారీ యాత్రికులు సాయంత్రానికి అక్కడికి చేరతారు. సఫారీ అన్నది స్వాహిలీ భాషలో మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీలోని 'సఫర్' నుంచి పుట్టింది. ఉర్దూ తెలిసిన హైదరాబాదు వాళ్ళకు ఇది కొత్త మాట కాదు. ఒకప్పుడు తూర్పు ఆఫ్రికాలో సఫారీ అంటే తుపాకులు పట్టుకుని వేటకు పోవడం. ఇప్పుడు తుపాకీ పోయి కెమెరా వచ్చింది. చాలా మంచి మార్పు. కాని తుపాకీ పోయినంత సులువుగా వేటగాడి తొందర పోలేదు.

సాయంత్రానికే ఎందుకు చేరతారు? దీనికి చక్కటి శాస్త్రీయ కారణం ఉంది. ఒక పళ్ళెంలో ఇసుక పోసి, వేళ్ళతో అలలు గీయండి. చీకటి గదిలో టార్చిలైటును నిలువుగా పైనుంచి వెయ్యండి. అలలు దాదాపు కనిపించవు. ఇప్పుడు టార్చిని పళ్ళెం అంచు దగ్గరకు దించి పక్కనుంచి వెయ్యండి. ప్రతి అలకూ ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ పడి అలలన్నీ లేచి నిలబడతాయి. ఎడారిలో సూర్యుడు చేసే పని ఇదే. మధ్యాహ్నం చప్పిడిగా కనిపించిన దిబ్బ పొద్దు వాలే వేళకు శిల్పంలా మారుతుంది.

ఇంకొక చిత్రం చూడండి. అంత మిలమిలలాడే ఇసుక చాలామంది ఫొటోల్లో బూడిద రంగుగా పడుతుంది. ఎందుకంటే కెమెరాలోని కాంతిమాపకం, ఎదుట ఉన్న దృశ్యం సగటున మధ్యరకం వెలుగుతో ఉంటుందనే లెక్కతో తయారైంది. ఇసుక ఎక్కువ కాంతిని వెనక్కు పంపుతుంది. 'అబ్బో, వెలుగు ఎక్కువైంది' అనుకుని కెమెరా దాన్ని తగ్గించేస్తుంది. అందుకని ఇసుకను తీసేటప్పుడు కెమెరా చెప్పినదానికంటే ఎక్కువ, ఒక్కొక్కసారి రెట్టింపు, కాంతిని లోపలికి రానివ్వాలి. యంత్రం అబద్ధం చెప్పలేదు, దానికి ఎడారి సంగతి తెలియదు, అంతే.

ఇక అసలు విషయం. జైసల్మేరు, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయ వనం ఉంది. అందులో ఇసుక దిబ్బలు ఎంత భాగమనుకుంటున్నారు? సగం కంటే తక్కువే. మిగతాదంతా రాతి నేల, గులకరాళ్ళ మైదానం, ఉప్పు పర్రలు, పొదలు, ముఖ్యంగా గడ్డి. 'సేవణ్' అనే ఒక మొండి గడ్డి అక్కడ పెరుగుతుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా వాన పడని చోట కూడా దాని వేళ్ళు ఇసుకను పట్టుకుని బతుకుతాయి. పశువులకూ గొర్రెలకూ అదే మేత. చింకారా జింకలు తిరిగేదీ, మిడతలూ బల్లులూ బతికేదీ ఆ గడ్డిలోనే.

ఆ గడ్డిని మీరు ఏ క్యాలెండరులోనైనా చూశారా? నేను చూడలేదు. ఎండిపోయి, పసుపుపచ్చగా, కంటికి ఆనని మైదానం అది. ఫొటోకు పనికిరాదని జీపు ఆపకుండా దాటిపోతారు. ఇలా దాటిపోవడానికీ ప్రభుత్వ కాగితాల్లో గడ్డి నేలలను 'బంజరు' అని రాయడానికీ సంబంధం లేదని నేననుకోను. అడవి నరికితే గోల చెయ్యడానికి పదిమంది ఉంటారు, ఎందుకంటే అడవి ఎలా ఉంటుందో అందరూ బొమ్మల్లో చూశారు. గడ్డి నేల దున్నేస్తే అడిగేవాడు లేడు. కాలువ నీళ్ళు వచ్చిన చోట అది పొలమయింది. కొన్నిచోట్ల చెట్లు నాటారు. మరికొన్నిచోట్ల సౌర ఫలకాలు పరిచారు. ఇవన్నీ మంచి పనులుగానే కనిపిస్తాయి. ఆ నేల మీద అంతకుముందు ఎవరు ఉండేవారో తెలిస్తేగాని నష్టం తెలియదు.

ఉండేది బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు, మగపిట్ట పది పన్నెండు కిలోలకు పైగా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో మహా బరువైన వాటిలో ఇదొకటి. రాజస్థాన్ వాళ్ళు 'గోడావణ్' అంటారు, వాళ్ళ రాష్ట్ర పక్షి అదే. పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ దీన్నే మన జాతీయ పక్షిగా చెయ్యాలని సూచించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇది ఎక్కడో ఎడారి పిట్ట, మనకేమిటి అనుకోకండి. దక్కను పీఠభూమి మీద ఎండు గడ్డి నేలలన్నీ ఒకప్పుడు దీని ఇల్లే. కర్నూలుకు దగ్గర్లోని రోళ్ళపాడులో 1988లో ప్రత్యేకంగా ఈ పిట్ట కోసమే అభయారణ్యం ఏర్పరచారు. ఆ తరువాత అక్కడ కూడా దాని సంఖ్య బాగా పడిపోయింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద బయట స్వేచ్ఛగా బతికేవి 150 లోపేనని అంచనా. అందులో ఎక్కువ భాగం జైసల్మేరు ప్రాంతంలోనే ఉన్నాయి. మీ పాఠశాలలో రెండు మూడు తరగతుల హాజరు పట్టీలు కలిపితే అంతకంటే ఎక్కువ పేర్లుంటాయి.

ఇంత అరుదైన పక్షి కాబట్టి ఫొటో తీసేవాళ్ళు దీని కోసం ఎంత దూరమైనా వస్తారు. వచ్చినవాడి చేతిలో పెద్ద దూర కటకం ఉంటుంది. అయినా మధ్యాహ్నం తీసిన బొమ్మ అలుక్కుపోయినట్లు వస్తుంది. తప్పు కటకానిది కాదు. నేల కాగిపోయి, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడుతుంది, పైగాలి అంతకంటే చిక్కగా ఉంటుంది. సాంద్రత మారినప్పుడల్లా కాంతి కిరణం వంగుతుందని వక్రీభవనం పాఠంలో చదువుకున్నారు. ఎండమావికి కారణం అదే. పక్షికీ కెమెరాకూ మధ్య నాలుగు వందల మీటర్ల గాలి అలా కుతకుతలాడుతుంటే, లక్షలు పోసి కొన్న కటకమైనా ఆ వణుకును పెద్దది చేసి చూపిస్తుందే తప్ప తగ్గించలేదు. ఈ సంగతి తెలియనివాడు ఏం చేస్తాడు? 'ఇంకొంచెం దగ్గరగా పోనీ' అంటాడు డ్రైవరుతో. జీపు కదులుతుంది. పిట్ట మేత మాని తల ఎత్తుతుంది. ఇంకొంచెం పోతే నడవడం మొదలుపెడుతుంది, ఆ తరువాత పరుగు.

పక్షులకు చెమట పట్టదు. ఎక్కువగా నోరు తెరిచి ఒగర్చడం ద్వారా అవి ఒంటి వేడిని దించుకుంటాయి, ఆ ఒగర్పులో ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. నీరు దొరకని చోట ఆ పరుగు ఖరీదు ఏమిటో ఆలోచించండి. గుడ్డు పెట్టే కాలమైతే ఇంకా ప్రమాదం. బట్టమేక పిట్ట గూడు కట్టదు. వట్టి నేల మీద సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టి సుమారు నాలుగు వారాలు పొదుగుతుంది. తల్లి లేచిపోతే ఆ గుడ్డుకు ఎండ ఒక శత్రువు, కాకులు, నక్కలు, కుక్కలు, ఉడుములు మిగతా శత్రువులు. ఏడాదికి ఒక గుడ్డు! అది కాస్తా పోతే ఆ తల్లి వంతు ఆ ఏటికి అయిపోయినట్టే అనుకోవాలి.

కాబట్టి నేనైతే ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. పక్షి తల ఎత్తి చూసిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరకు వెళ్ళారన్నమాట. వెనక్కు రండి. తెల్లవారుజామున వెళ్ళండి, అప్పుడు నేల చల్లగా ఉంటుంది, గాలి నిలకడగా ఉంటుంది, దూరం నుంచే బొమ్మ తేటగా వస్తుంది. పిట్ట చిన్నగా పడితే పడనివ్వండి. గడ్డి మధ్య ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చే బొమ్మే దాని బతుకును నిజంగా చూపిస్తుంది. గడ్డిలో కలిసిపోవడానికే కదా ప్రకృతి దానికి ఆ రంగు ఇచ్చింది! గుడ్ల మీద ఉన్న పక్షిని అసలు తియ్యకండి. అలాంటి ఫొటోలను పోటీలకు తీసుకోమని చెప్పేసే నిర్వాహకులు ఉన్నారు, వాళ్ళకు నా నమస్కారం.

ఇంత జాగ్రత్తగా తీసినవాడు కూడా చేసే ఒక పని ఉంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. బట్టమేక పిట్ట ఎగురుతుండగా ఫొటో తీస్తాడు. బ్రహ్మాండంగా వస్తుంది. కాని వెనక ఆకాశంలో అడ్డంగా రెండు విద్యుత్ తీగలు. 'ఛ, పాడయింది' అనుకుని ఇంటికి వెళ్ళాక కంప్యూటరులో ఆ తీగలను తుడిచేస్తాడు. లేదా తీగలు పడని వైపుకు తిరిగి తీస్తాడు. ఆ బొమ్మను చూసినవాళ్ళు పక్షి ఎంత స్వేచ్ఛగా ఎగురుతోందో అనుకుంటారు.

నిజానికి ఆ తీగే ఆ పక్షిని చంపుతోంది. బట్టమేక పిట్టకు కళ్ళు తలకు పక్కలకు ఉంటాయి. చుట్టూ ఉన్నది బాగా చూస్తుంది గాని సూటిగా ముందు ఉన్నది తక్కువగా చూస్తుంది. పైగా ఎగిరేటప్పుడు కింద నేలను చూస్తూ పోతుంది. దీనికి బంధువైన ఆఫ్రికా కోరి బస్టర్డ్ మీద జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో, తల 25 డిగ్రీలు కిందికి వంచితే చాలు, ఆ పక్షికి తాను ఎగిరే దిక్కున ఏమీ కనిపించదని తేలింది. కావాలంటే మీరొక పరీక్ష చేసి చూడండి. టోపీ అంచును కనుబొమల మీదికి దించుకుని, తల వంచి పాదాలకేసి చూస్తూ నెమ్మదిగా నడవండి. ఛాతీ ఎత్తున ఒక మెత్తటి దారాన్ని ఇద్దరు స్నేహితుల చేత పట్టించండి. దారం ఒంటికి తగిలాకగాని మీకు తెలియదు. మీరు నడుస్తున్నారు కాబట్టి ఆగగలరు. పది కిలోల పక్షి వేగంగా ఎగురుతూ, చివరి క్షణంలో తీగను చూసినా, పిచ్చుకలా చటుక్కున పక్కకు తిరగలేదు.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం థార్ ప్రాంతంలో తీగలకు తగిలి ఏడాదికి సుమారు 18 బట్టమేక పిట్టలు చచ్చిపోతున్నాయి. 150 లేని చోట 18! ఏడాదికి ఒక గుడ్డు పెట్టే జాతి ఆ నష్టాన్ని ఎలా పూడ్చుకుంటుందో కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. ఈ తగాదా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ముఖ్యమైన ప్రాంతాల్లో తీగలను భూమిలోకి దించాలని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అంత మేర దించడం సాధ్యం కాదని ప్రభుత్వం చెప్పుకోవడంతో 2024 మార్చిలో ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల సంఘాన్ని వేసింది. ఇంకోవైపు 2019 నుంచి గుడ్లు సేకరించి పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. 2024లో అక్కడ కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక పిల్ల కూడా పుట్టింది. సంతోషమే. కాని ఆ పిల్ల పెద్దదై ఎగరాల్సింది ఆ తీగల మధ్యనే కదా!

ఆ తీగలు ఎందుకు వచ్చాయి? గాలిమరల నుంచి, సౌర ఫలకాల నుంచి విద్యుత్తు తేవడానికి. బొగ్గు పొగ తగ్గాలంటే అవీ కావాలి. సౌర విద్యుత్తు మంచిదని తరగతిలో పాఠం చెప్పేవాణ్ణి, దాన్ని వద్దని ఎలా అంటాను? తీగలకు మెరిసే బిళ్ళలు కట్టాలా, భూమిలోకి దించాలా, దారి మళ్ళించాలా, ఎక్కడ ఏది చెయ్యాలి అన్నది కష్టమైన లెక్క. ఆ లెక్క చెయ్యాలంటే పక్షీ తీగా రెండూ మన కళ్ళకు కలిసి కనిపించాలి. ఫొటోగ్రాఫరు ఆ రెంటినీ విడదీసి, ఒకదాన్ని మనకు ఇచ్చి రెండోదాన్ని చెత్తబుట్టలో వేస్తున్నాడు.

ఒక ఫొటోగ్రాఫరు నాతో వాదించాడు. 'మాస్టారూ, జనానికి ముందు ఆ పిట్ట మీద ప్రేమ పుట్టాలి. అందం చూపిస్తేనే ప్రేమ పుడుతుంది. తీగ చూపిస్తే పేజీ తిప్పేస్తారు' అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఒక అందమైన బొమ్మ తెరిచినన్ని తలుపులు పది వ్యాసాలు తెరవలేవు. ఇది కూడా వ్యాసమేనని నాకు తెలుసు. అయితే తీగ లేని బొమ్మను చూసి ప్రేమ పుట్టినవాడు, పిట్ట హాయిగానే ఉందని నమ్ముతాడు. హాయిగా ఉన్నదాని కోసం ఎవరైనా దరఖాస్తు రాస్తారా? తీగ లేని ఫొటో పది వేసుకోండి, అభ్యంతరం లేదు, తీగ ఉన్నది ఒకటైనా వెయ్యండి. తుడిచి మాత్రం వెయ్యకండి. తీగ లేని ఆకాశాన్ని వెతికి తియ్యడం వేరు, ఉన్న తీగను లేనట్టు చెయ్యడం వేరు.

అలా 'సర్దడం' ఇప్పుడు పుట్టిన రోగం కాదు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంగా ఒంటెలూ ఈజిప్టు పిరమిడ్లూ ఉన్న ఎడారి ఫొటో ఒకటి వేసింది. ఫొటో అడ్డంగా ఉంది, అట్ట నిలువుగా ఉంది. అందులో ఇమడ్చడానికి కంప్యూటరు సాయంతో ఒక పిరమిడును రెండోదాని దగ్గరకు జరిపేశారు! పెద్ద గొడవైంది. అలా చెయ్యడం తప్పని ఆ పత్రికే తరువాత ఒప్పుకుంది. వేల ఏళ్ళుగా కదలని పిరమిడే అట్ట కోసం జరిగిందంటే, ఒక తీగ ఎంత?

మనుషులను తీసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పెద్ద తలపాగా, తెల్లటి మీసాలు, ముడతల ముఖం ఉన్న ఒంటెల కాపరి కనిపిస్తాడు. ఫొటో తీసేవాడు ముందు ఆయన చేతి గడియారం తీసెయ్యమంటాడు, జేబులో సెల్‌ఫోను దాచమంటాడు. 'పాతకాలం మనిషి' తయారవుతాడు. కింద పేరు ఉండదు, 'ఎడారి బిడ్డ' అని మాత్రం ఉంటుంది. ఈయన కొడుకు మీలాగే పదో తరగతి చదువుతూ ఉండవచ్చు.

కాల్‌బేలియా నాట్యం సంగతి తీసుకోండి. నల్లటి ఘాగ్రాలు తిరుగుతుంటే ఫొటోకు ఎంతో బాగుంటుంది. 'యుగాల నాటి నృత్యం' అని కింద రాసేస్తారు. కాల్‌బేలియాలు పాములు పట్టి ఆడించి బతికినవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వృత్తి చెల్లకుండా పోయింది. అప్పుడు వాళ్ళ ఆడవాళ్ళ ఆటపాటలు కుటుంబాలకు అన్నం పెట్టే వృత్తి అయ్యాయి, వేదికలెక్కాయి. 2010లో యునెస్కో ఆ కళను తన జాబితాలో చేర్చింది. పాములను కాపాడిన చట్టం ఒక జాతి జీవికను ఎలా మార్చిందో ఆ ఘాగ్రాలో ఉంది. కింద రాసిన ఆ రెండు మాటలు దాన్ని తుడిచేశాయి.

బిష్ణోయీల దగ్గరికి కూడా జీపు సఫారీలు వెళతాయి. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజుగారి మనుషులు చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలు ఇచ్చారని చెబుతారు. ఆ చెట్టు ఖేజ్డీ. అదేమి చెట్టో తెలుసా? దసరానాడు మనం పూజించే జమ్మి చెట్టే! తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. బిష్ణోయీ స్త్రీల రంగురంగుల దుస్తులను, నగలను అందరూ తీస్తారు. పొలం పక్కన జింకల కోసం వాళ్ళు నింపి ఉంచే నీటి తొట్టిని తీసినవాళ్ళు తక్కువ. నన్ను అడిగితే ఆ తొట్టి ఫొటోకే మొదటి బహుమతి ఇస్తాను. తొట్టి అందంగా ఉండదు, పాచి పట్టి ఉంటుంది.

మీలో చాలామంది ఇళ్ళల్లో కెమెరా ఉన్న సెల్‌ఫోను ఉంది. ఎడారికి పోనక్కరలేదు, మీ ఊరి బీడుకు వెళ్ళినా చాలు. ఫొటో తీసిన వెంటనే ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, చోటు, ఎంత దూరం నుంచి తీశారు, ఆ జీవి అప్పుడు ఏం చేస్తోంది, చట్రంలో పట్టనివి ఏమున్నాయి, ఇవి రాయండి. మనిషిని తీస్తే ముందు అడగండి. ఒప్పుకుంటే పేరు, పని రాసుకోండి, ఆ తరువాత ఫొటో ఆయనకూ చూపించండి. అప్పుడు మీది ప్రయోగశాల రికార్డుతో సమానమైన పరిశీలన అవుతుంది.

ఒక్క జాగ్రత్త. సెల్‌ఫోనులో ఆ సౌకర్యం ఆన్‌లో ఉంటే ఫొటోతో పాటు అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా లోపల నమోదవుతాయి. అలాంటి ఫొటోను ఉన్నదున్నట్లు పదిమందికి పంపితే, అరుదైన పక్షి గుడ్డు ఎక్కడుందో వేటగాడికి పటం గీసి ఇచ్చినట్టే. కనుక చోటు పేరు మీ నోటుపుస్తకంలో రాసుకోండి, మీ సైన్సు మాస్టారికో అటవీశాఖ వారికో చెప్పండి. ఫోనులో మాత్రం ఆ సౌకర్యాన్ని ఆపేసి తియ్యండి. ఎలా ఆపాలో మీ మాస్టారికి తెలియకపోతే మీరే నేర్పండి. నాకు నేర్పింది ఎనిమిదో తరగతి అమ్మాయే.